బుగ్గలకు ఫిల్లర్ వేయించుకుని ఏళ్లు గడిచాక నా అనుభవం

ఫిల్లర్లంటే ముఖం నిండుగా కనిపించడానికి చర్మం కింద సూదితో ఎక్కించే జెల్ లాంటి మందులు. వాటి మీద కనిపించే రివ్యూలన్నీ దాదాపు మొదటి నెలలో రాసినవే. ఆ నెలలో నాకూ ఏ ఇబ్బందీ లేదు. బుగ్గలు నిండుగా కనిపించాయి, కళ్ల కింద గుంటలు పోయాయి, సూది దిగిన చోట కమిలిన మచ్చలు వారంలో మాయమయ్యాయి. ఎవరికైనా పనికొచ్చే సంగతులన్నీ ఆ తర్వాత జరిగినవే.

నాకు వేసింది హయలురోనిక్ యాసిడ్ జెల్. ఏడాది, ఏడాదిన్నరకల్లా ఒంట్లో కరిగిపోతుందని క్లినిక్‌లో చెప్పారు. ఆ గడువు దాటి చాలాకాలమయ్యాక ఓసారి గట్టిగా జలుబు, జ్వరం వచ్చాయి. జ్వరం తగ్గుముఖం పట్టిన రోజుల్లో ముఖం కడుక్కుంటుంటే కుడి బుగ్గ ఎముక మీద రేగి గింజంత గడ్డ చేతికి తగిలింది. సాయంత్రానికి ఆ పక్కంతా ఎర్రబడి వాచింది. నొక్కితే నొప్పి, పట్టుకుంటే వేడి. పంటి పోటేమో అనుకుని అమ్మ లవంగ నూనె తెచ్చిచ్చింది.

వేరే స్కిన్ డాక్టర్ గారికి చూపిస్తే అల్ట్రాసౌండ్ తీయించారు. కరిగిపోయిందనుకున్న జెల్ స్కానింగ్‌లో నల్లటి మడుగులా కనిపిస్తూనే ఉంది. ఒంట్లో రోగనిరోధక శక్తి రేగినప్పుడు, అంటే జ్వరం, పళ్ల చికిత్స, టీకాలాంటివి జరిగినప్పుడు, అన్నాళ్లూ ఊరుకున్న ఫిల్లర్ చుట్టూ వాపు రావచ్చని ఆవిడ చెప్పారు. 2020లో మోడర్నా కరోనా టీకా ట్రయల్స్‌లో కూడా ఫిల్లర్లు ఉన్న ముగ్గురికి ముఖమో పెదవో వాచిందట. జెల్‌ను అంటుకుని సూక్ష్మక్రిములు పొరలా పేరుకున్నా ఇలాగే అవుతుందట. అందుకే మొదట యాంటీబయాటిక్స్ వాడించి, ఆ తర్వాతే కరిగించే ఇంజెక్షన్ వేశారు. దాని పేరు హయలురోనిడేజ్. శుక్లాల ఆపరేషన్‌లో కంటికిచ్చే మత్తు సూదిలోనూ దీన్ని కలుపుతారు. వేసే ముందు, "తేనెటీగ కుడితే ఎప్పుడైనా ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయామ్మా?" అని అడిగారు. ఆ ఎలర్జీ ఉన్నవాళ్లకు ఈ మందు పడకపోవచ్చట. ముంజేతి మీద చుక్కంత వేసి చూసి, ఆ తర్వాత బుగ్గలో వేశారు. రెండు రోజుల్లో గడ్డ మెత్తబడింది. పూర్తిగా పోవడానికి ఇంకోసారి వేయాల్సి వచ్చింది.

కళ్ల కింద కథ వేరు. అక్కడ నొప్పి లేదు, కానీ చర్మం కింద నీలిరంగు గీతలా తేలింది. జెల్ మరీ పైపొరలో ఉంటే వెలుతురు పడి అలా కనిపిస్తుందట. నిద్ర లేక వచ్చిన నలుపనుకుని చాలాకాలం కన్సీలర్ పూశాను. అదీ కరిగించాకే పోయింది.

డబ్బు సంగతి చెప్పాలంటే స్కానింగ్‌కీ, మందులకీ, కరిగించడానికీ చేతి నుంచే పెట్టుకున్నాం. కోపం వచ్చింది మాత్రం దానికి కాదు. సంతకం పెట్టించుకున్న కాగితంలో ఏళ్ల తర్వాత వచ్చే వాపు గురించి ఒక్క ముక్క లేదు. ఏ మందు వేశారో రాసి కూడా ఇవ్వలేదు. సిరంజి పెట్టె మీద బ్రాండు, లాట్ నంబరుతో స్టిక్కర్ ఉంటుంది. దాన్ని అడిగి తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. హయలురోనిడేజ్ క్లినిక్‌లోనే ఉంచుతారా అనీ అడగండి. అది కరిగించేది హయలురోనిక్ యాసిడ్‌ని మాత్రమే. కాల్షియం రకం ఫిల్లర్లనీ, సిలికాన్‌నీ ఏమీ చేయలేదు.

మళ్లీ వేయించుకోను. ఎడమ బుగ్గలో ఇంకా కొంత ఉందని స్కానింగ్ చెబుతోంది, గొడవ చేయట్లేదు కాబట్టి దాని జోలికి వెళ్లొద్దన్నారు డాక్టర్ గారు. పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లినా, టీకా వేయించుకున్నా ముందుగా ఆ మాట చెబుతున్నాను.