పద్మిని బంపర్‌కు రబ్బరు బీడింగ్: నాలుగు ఎండాకాలాలు గడిచాక

మాది 1986 నాటి ప్రీమియర్ పద్మిని కారు. కొన్న కొత్తలోనే నాన్న ముందు, వెనక క్రోమ్ బంపర్ల మధ్యలో సన్నటి అల్యూమినియం చానెల్ (గాడి ఉన్న పట్టీ) బిగించి, అందులో నల్ల రబ్బరు బీడింగ్, అంటే సన్నటి రబ్బరు పట్టీ, వేయించారు. కంపెనీ ఇచ్చింది కాదు. అయినా ఆ నల్ల గీత లేకుండా మా కారు నాకు గుర్తే లేదు. అది ఎండిపోయి, పగిలి, ముక్కలుగా రాలుతుంటే చూడలేక మార్పించాను.

మొదటిసారి 2021లో ఒక షాపులో ఇచ్చాను. గంటలో అయిపోయింది. బీడింగ్‌ను ఒక చివర దూర్చి, రెండో చివర పట్టుకుని బిగువుగా లాగి, అంచు దగ్గర సమంగా కోసేశారు. ఆ రోజు చూస్తే ముచ్చటేసింది. నెల తిరిగేసరికి రెండు చివరలా రెండేసి వేళ్ల ఖాళీ! లాగి వేసిన రబ్బరు మెల్లగా తన అసలు పొడవుకు వెళ్లిపోతుంది. పైగా సులువుగా దూరుతుందని గ్రీజు పూశారు. ఈపీడీఎం రబ్బరు ఎండకు, వానకు బాగా ఆగుతుంది గానీ గ్రీజు, పెట్రోలు దానికి పడవు. ఉబ్బి మెత్తబడింది.

2022 జనవరిలో నేనే కూర్చున్నాను. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మీటరు 160 రూపాయల చొప్పున ఐదు మీటర్ల ఈపీడీఎం బీడింగ్ తెచ్చాను. కావాల్సింది నాలుగు మీటర్లే. పాత ముక్క పట్టుకెళ్లి, చానెల్‌లోకి దూరే అడుగు భాగం మందం పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. అక్కడ కొంచెం తేడా వచ్చినా అయితే దూరదు, లేదంటే ఊడిపోతుంది.

చుట్ట విప్పి ఒక రోజంతా మేడ మీద ఎండలో పరిచాను, వంపు పోవడానికి. చానెల్‌లో పాత సొల్యూషన్‌ను (జిగురును), మట్టిని వైరు బ్రష్‌తో గీకి, ఆరనిచ్చాను. బిగించేటప్పుడు మా మెకానిక్ వచ్చి చూసి ఒకే మాట అన్నాడు: "గుంజొద్దు సార్, నెట్టాలె. ఎంత గుంజితే అంత మళ్ల లోపలికి పోతది."

ఈ పని మొత్తానికి కీలకం అదే. షాంపూ నీళ్లు రాసి, బంపర్ మధ్య నుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ వెళ్లాను. చెక్క గరిటె కాడతో జానెడు దూరం నొక్కడం, నొక్కినదాన్ని బొటనవేలితో మధ్యకు కాస్త వెనక్కి నెట్టడం, మళ్లీ జానెడు. స్క్రూడ్రైవర్ వాడితే రబ్బరు చీరుతుంది, క్రోమ్ మీద గీత పడుతుంది. మూలల దగ్గర బీడింగ్‌ను వేడినీళ్లలో ముంచి, అడుగు భాగంలో మాత్రం చిన్న చిన్న గాట్లు పెట్టాను. అప్పుడు ముడత పడకుండా తిరిగింది. చివర్లలో అంగుళం చొప్పున వదిలేసి, మర్నాడు కొత్త బ్లేడును సబ్బునీళ్లలో తడిపి ఒక్క కోతలో కోశాను.

నాలుగు ఎండాకాలాలు గడిచాయి. తార్నాకలో మా కారు ఉండేది చెట్టు నీడ కూడా లేని చోట. అయినా మూడు మూలల్లో వెంట్రుకంత ఖాళీ రాలేదు. వెనక ఎడమ మూల మాత్రం కాస్త లేచింది. అక్కడ గాట్లు మరీ దూరదూరంగా పెట్టాను, తప్పు నాదే. ఇంకో ఇబ్బంది, బీడింగ్ పై అంచున దుమ్ము పేరుకుంటుంది. వారానికోసారి తడిగుడ్డతో తుడవాల్సిందే. మెరుపు కోసం నూనె కలిసిన పాలిష్‌లు మాత్రం పూయను.

మిగిలిన మీటరు ముక్క బీరువాలో దాచాను. మొన్న తెచ్చి బంపర్ పక్కన పెట్టి చూశాను. బయట ఉన్నది కొద్దిగా బూడిద రంగుకు తిరిగింది, గోటితో నొక్కితే మాత్రం రెండూ ఒకేలా వంగి వెనక్కి వచ్చాయి. ఎడమ మూల సరిచేయడానికి ఆ ముక్కలోంచే కోసుకుంటాను.