ఇంపెకబుల్ అర్థం కోసం తెరిచిన నిఘంటువు యాప్

నేను అనువాదాలు చేస్తాను. మొన్న ఒక వాక్యంలో 'ఇంపెకబుల్' దగ్గర ఆగిపోయి, ఆరు నెలలుగా వాడుతున్న ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు యాప్ తెరిచాను. 'పరిపూర్ణమైన, దోషరహితమైన' అని రెండు ముక్కలు చూపించి ఊరుకుంది. తప్పు కాదు. కానీ 'పర్‌ఫెక్ట్'కీ, 'ఫ్లాలెస్'కీ కూడా అవే ఇస్తే ఎలా?

ఇంపెకబుల్‌కి మూలం లాటిన్‌లోని 'పెక్కారే', అంటే పాపం చేయడం. మొదట్లో దాని అర్థం 'పాపం చేయలేని' అనే. అందుకే ఈనాటికీ అది నడవడికకి, మర్యాదకి, అభిరుచికి, టైమింగ్‌కి చక్కగా అతుకుతుంది. వేలెత్తి చూపడానికి వీల్లేదన్నమాట. మచ్చలేని వజ్రాన్నయితే ఫ్లాలెస్ అంటారు. ఇక పర్‌ఫెక్ట్ అంటే మూలంలో 'పూర్తిగా చేసినది'. వ్యాకరణంలో పర్‌ఫెక్ట్ టెన్స్ అనే పేరులో ఉన్నది ఆ అర్థమే.

నా వాక్యంలో ఉన్నది ఒక ముసలాయన ప్రవర్తన. 'వంక పెట్టలేని' అని రాశాక గానీ మనసు కుదుటపడలేదు. ఆ మాట యాప్‌లో లేనే లేదు.

ఉచ్చారణ వినిపించడం మాత్రం బాగుంది, 'పె' మీద ఊనిక స్పష్టంగా తెలుస్తుంది. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఉదాహరణ వాక్యాలు పెడితే అయిదు నక్షత్రాలు ఇస్తాను, ఇప్పటికి మూడే.