రంగుల కోన్‌ఫ్లవర్: షయెన్ స్పిరిట్ విత్తనాలు కొనాలా, పూసిన కుండీ మొక్కలు కొనాలా?

నర్సరీలో కుండీ నిండా నారింజ పూలతో ఉన్న హైబ్రిడ్ కోన్‌ఫ్లవర్ (మధ్యలో బుడిపె, చుట్టూ రేకులుండే పూలమొక్క) కంటపడితే కొనకుండా వెనక్కి రావడం కష్టం. తెచ్చి నాటితే ఆ సీజనంతా బాగానే పూస్తుంది. మరుసటి ఏడాది చూస్తే అక్కడ మొక్కే ఉండదు. ‘కొత్త రంగులు చూడ్డానికే బాగుంటాయి, నిలవవు’ అన్న మాట ఇలాగే పుట్టింది. అందులో కొంత నిజం ఉంది, కొన్ని రకాలు పుట్టుకతోనే నీరసం. కానీ పోయిన మొక్కను తవ్వి చూడండి. చాలాసార్లు కనబడేది ఒకటే కాడ, చుట్టూ ఒక్క పిలకా లేదు, మొదలు నల్లగా మెత్తబడి ఉంటుంది. పిలకలు పెట్టకముందే పూసి ఓపిక అయిపోయింది, ఆపైన తడికి కుళ్ళింది. అందుకే రంగు కోన్‌ఫ్లవర్ ఏది కొన్నా ముందు మొక్క మొదలు చూడాలి, పువ్వు తర్వాత.

ఈ సున్నితం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే పెంపకం సగం తెలిసినట్టే. పాత కోన్‌ఫ్లవర్ అంటే ఎకినేసియా పర్పూరియా, గులాబీ రంగు పువ్వు. దానికి పీచువేర్లు, బంకమట్టిలో కూడా సర్దుకుంటుంది. పసుపు పూసేది ఈ జాతిలో ఎకినేసియా పారడాక్సా ఒక్కటే. అమెరికాలో మిస్సోరీ, ఆర్కన్సా వైపు రాతినేలల్లో పుట్టిన మొక్క అది. తల్లివేరు లోతుకు దిగుతుంది, కాళ్ళ దగ్గర తడి నిలిస్తే ఓర్చుకోదు. షికాగో బొటానిక్ గార్డెన్ వాళ్ళు తెల్లపూల పర్పూరియాను ఈ పారడాక్సాతో సంకరం చేసి 2000ల మొదట్లో ఆరెంజ్ మెడోబ్రైట్ అనే నారింజ రకాన్ని తెచ్చారు. ఆ తర్వాత వచ్చిన నారింజ, కాషాయం, టమాటా ఎరుపు, లేత పీచ్‌పండు రంగుల్లో దాదాపు అన్నిటిలోనూ ఆ రాతినేల మొక్క రక్తం ఉంది. రంగుతో పాటు తడి పడని గుణం కూడా వచ్చింది.

ఇక విత్తనంగా దొరికే రంగు కోన్‌ఫ్లవర్ రకం షయెన్ స్పిరిట్ సంగతి. విత్తనంతో పెంచి, మొదటి ఏడాదే ఇన్ని రంగులు చూడగలగడం దీని గొప్ప. కొత్త తోట రకాలను పెంచి పరీక్షించే అమెరికా సంస్థ ఆల్ అమెరికా సెలెక్షన్స్ బహుమతిని 2013లో పొందింది. ఎరుపు, నారింజ, పసుపు, మీగడ తెలుపు, ఊదా గులాబీ అన్నీ ఒకే ప్యాకెట్లో కలిసి వస్తాయి. మొక్క 45 నుంచి 75 సెం.మీ. ఎత్తు, కింద నుంచే కొమ్మలు వేస్తుంది కాబట్టి సాధారణంగా కర్ర పోటు అక్కర్లేదు. లోపం కూడా ఇక్కడే ఉంది: పువ్వు విచ్చేదాకా ఏ మొక్క ఏ రంగో తెలియదు. నాలుగు మొక్కలు పెంచితే మూడు ఒకే రంగు రావచ్చు. కనీసం 12 నాటితే గాని రంగుల కలయిక తెలిసిరాదు. ఫలానా ఎరుపే కావాలి, ఫలానా వరసలోనే ఉండాలి అనుకునేవారికి ఈ ప్యాకెట్ పనికిరాదు.

నారు పోయడం కష్టం కాదు. ప్రోట్రేలో (నారు పెంచే గడుల ట్రే) కోకోపిట్ (కొబ్బరిపీచు పొట్టు), సన్న వర్మిక్యులైట్ (తడి పట్టే తేలికైన ఖనిజపు పొడి) కలిపి నింపి, గడికి ఒక విత్తనం వేసి, పైన 3 మి.మీ. మించకుండా కప్పాలి. లోతుగా వేస్తే సగం మొలవవు. 18 నుంచి 22 డిగ్రీల వేడిలో 10 నుంచి 15 రోజుల్లో మొలకలు వస్తాయి. మొలిచాక ట్రే ఎప్పుడూ తడిగా ఉంచితే నారుకుళ్ళు పడుతుంది. పైపొర కాస్త తెల్లబారాక ట్రేని నీళ్ళలో పెట్టి అడుగు నుంచి పీల్చుకోనిస్తే సరి. మూడు నాలుగు అసలు ఆకులు వచ్చాక 10 సెం.మీ. కుండీలోకి, అది వేర్లతో నిండాక నేలలోకి మార్చాలి. పోసిన నాటి నుంచి తొలి పువ్వుకు నాలుగైదు నెలలు పడుతుంది.

ప్యాకెట్ వెనక సాధారణంగా రాయని విషయం ఒకటుంది. కోన్‌ఫ్లవర్ పగటి నిడివి చూసి పూస్తుంది. పగలు 13 గంటలు దాటితే కాడ లేస్తుంది. 12 గంటలు, అంతకన్నా తక్కువ ఉంటే ఆకులు నేలకు అంటుకుని గుండ్రంగా కూర్చుంటాయి, ఎంత ఎరువు వేసినా పువ్వు రాదు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నచోట ‘ఏపుగా ఉంది, పూయడం లేదు’ అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. పగలు పొడుగయ్యే నెలలకు బాగా ముందే నారు పోసి, ఆ నెలలు వచ్చేసరికి మొక్కకు ఎనిమిది పది ఆకులు ఉండేలా చూసుకోవాలి. అదీ చాలకపోతే రాత్రి 10 నుంచి 2 దాకా మొక్కల మీద ఒక బల్బు వెలిగించి ఉంచితే రాత్రి రెండు ముక్కలై, మొక్క దాన్ని పొడుగు పగలుగానే లెక్కవేస్తుంది.

కుండీ మొక్కల దగ్గరికి వస్తే, పేరున్న రంగు రకాలు ఎక్కువగా టిష్యూ కల్చర్‌లో, అంటే తల్లిమొక్క చిన్న ముక్క నుంచి ల్యాబ్‌లో పెంచినవి. ఏ కుండీ తీసుకున్నా అదే రంగు, అదే ఎత్తు. అమ్మకానికి పూతతో ఉండాలి కాబట్టి చిన్న కుండీలోనే పూయించి పెడతారు. కొనేవాళ్ళు మోసపోయేది ఇక్కడే. పూసిన కాడ మళ్ళీ ఆకు వెయ్యదు, దాని పని అయిపోయినట్టే. వచ్చే ఏడాది మొక్క రావాలంటే మొదలు దగ్గర కొత్త పిలక ఉండాలి. కుండీని కళ్ళ ఎత్తుకు ఎత్తి, కింది ఆకులు పక్కకు తప్పించి చూడండి. మట్టి అంచున వేలిగోరంత లేత మొలకలు, ఆకుపచ్చగానో కాస్త ఎర్రగానో, కనీసం మూడు కనబడాలి. రెండు పూలున్నా మూడు పిలకలున్న మొక్కనే తీసుకోండి. తొమ్మిది పూలుండి మొదలు దగ్గర ఏమీ లేకపోతే అక్కడే వదిలెయ్యండి, అది కుండీలో పెట్టిన పూలగుత్తి మాత్రమే.

తెచ్చాక చేయాల్సిన పని చాలామందికి మనసు ఒప్పదు, కానీ ఇదొక్కటి చేస్తే మొక్క నిలుస్తుంది. ఉన్న పూలకాడలన్నీ మొదలుకంటా కోసెయ్యాలి, ఆకులు మాత్రం ఉంచాలి. తర్వాత లేచే కాడల్ని కూడా మొగ్గ బఠాణీ గింజంత కాకముందే తుంచాలి. మొదలు దగ్గర నాలుగైదు పిలకలు స్థిరపడేదాకా ఇదే పని. ఆ సీజన్‌కి పూలు దాదాపు ఉండవు. మరుసటి ఏడాది ఒక్క కాడకు బదులు పది కాడలు లేస్తాయి. విత్తనంతో పెంచిన షయెన్ స్పిరిట్‌కి ఇంత కఠినం అక్కర్లేదు, తొలి కాడ ఒక్కటి తుంచితే చాలు, పక్కలకు కొమ్మలు వేస్తుంది.

నేల విషయంలో బద్ధకం పనికిరాదు. 30 సెం.మీ. గొయ్యి తవ్వి ఒకసారి నీళ్ళు నింపి ఇంకనివ్వండి. మళ్ళీ నింపి చూడండి. గంటకు 2.5 సెం.మీ. అయినా దిగకపోతే అక్కడ నాటొద్దు, 20 సెం.మీ. ఎత్తు మడి కట్టండి. నాటేటప్పుడు మొదలు మట్టిమట్టానికి ఉండాలి, వేలెడు లోతుకు వెళ్ళినా కుళ్ళుకు దారి ఇచ్చినట్టే. మొక్కకు మొక్కకు 45 సెం.మీ. ఎడం. మల్చింగ్ (నేల మీద కప్పే ఎండుటాకుల లాంటి పొర) 5 సెం.మీ. చాలు, అదీ మొక్క మొదలుకు నాలుగు వేళ్ళ దూరంలో ఆపాలి. ఎండ రోజుకు ఆరు గంటలు తప్పనిసరి. కుండీకైతే 30 సెం.మీ. వెడల్పు, అంతే లోతు. కోకోపిట్ 2 పాళ్ళు, బాగా మాగిన కంపోస్ట్ 1, పెర్లైట్ (తేలికైన తెల్లని ఖనిజపు గుళికలు) లేదా గరుకు ఇసుక 1. ఎరువు సీజన్ మొదట్లో ఒకసారి, కొద్దిగా. నత్రజని ఎక్కువైతే కాడలు మెత్తగా పెరిగి గాలికి పడిపోతాయి, బూడిద తెగులూ తొందరగా వస్తుంది.

ముద్దపూల రకాల మీద మాది మిశ్రమ అభిప్రాయం. చూపుకు బంతిపువ్వులా నిండుగా ఉంటాయి, కుండీకి అందం. కానీ మధ్యలో ఉండే చిన్న పూలన్నీ రేకులుగా మారిపోయినవి ఇవి, తేనెటీగకు దక్కేది దాదాపు ఏమీ లేదు. అమెరికాలో డెలవేర్‌లోని మౌంట్ క్యూబా సెంటర్ 2018 నుంచి 2020 దాకా కోన్‌ఫ్లవర్లను పక్కపక్కనే పెంచి పరీక్షించినప్పుడు కూడా ముద్దపూల మీద వాలిన కీటకాలు బాగా తక్కువ. వానకు తడిస్తే తల బరువెక్కి కాడ వంగుతుంది. ఒంటిరేక పువ్వు చూడ్డంలో ఉన్న ఆనందం వేరు. మధ్య బుడిపె మీద ముళ్ళు చివర నారింజ మెరుపుతో గట్టిగా నిలబడి ఉంటాయి, పుప్పొడి వలయం అంచున మొదలై రోజూ కాస్త కాస్త లోపలికి జరుగుతుంది. అది నడిమికి చేరిందంటే ఆ పువ్వు వయసు అయిపోయినట్టు. రంగు కూడా మొదటిరోజుది చివరిదాకా ఉండదు, నారింజ మెల్లగా లేత పీచ్‌పండు రంగులోకి, ఆపైన మీగడలోకి దిగుతుంది. కేటలాగు ఫొటో పువ్వు మంచి రంగులో ఉన్నప్పటిది, రెండు మూడు వారాలూ అదే రంగు ఆశించి కొనొద్దు.

తెగుళ్ళలో గుర్తుపట్టాల్సినవి రెండు, రెండూ ఒకేలా కనబడి తికమక పెడతాయి. ఒకటి ఆస్టర్ ఎల్లోస్. నువ్వు పంటలో వెర్రి తెగులు చూసినవారికి దీని స్వభావం అర్థమవుతుంది: ఫైటోప్లాస్మా అనే బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవి వల్ల వస్తుంది, దీపపు పురుగులు రసం పీలుస్తూ మొక్క నుంచి మొక్కకు మోస్తాయి. రేకులు ఆకుపచ్చగా, పొట్టిగా మారతాయి, బుడిపెలోంచి ఆకులు మొలుస్తాయి, మొక్కంతా పసుపు తిరిగి గిడసబారుతుంది. మందు లేదు. అనుమానం తీరగానే వేర్లతో సహా పీకెయ్యాలి. ఎండిపోయిన మొక్కను పురుగు పీల్చలేదు కాబట్టి కంపోస్టులో వేసినా ఫరవాలేదు. ఈ తెగులు విత్తనంతో రాదు.

రెండోది ఇరియోఫిడ్ నల్లి. కంటికి ఆనదు, మొగ్గ లోపలే ఉంటుంది. బుడిపె మీద అక్కడక్కడ మొటిమల్లా ముడుచుకున్న కుచ్చులు లేస్తాయి, అయితే రేకుల రంగు మారదు, ఆకులు శుభ్రంగానే ఉంటాయి. తేడా పట్టుకోవడానికి ఇదే గుర్తు: పాడైంది బుడిపె ఒక్కటే అయితే నల్లి, మొక్కంతా వికారమైతే ఆస్టర్ ఎల్లోస్. నల్లి పట్టిన పూలు కోసి సంచిలో కట్టి పారేస్తే సరిపోతుంది, మొక్కను చంపాల్సిన పనిలేదు. వీటిని కంపోస్టులో మాత్రం వెయ్యకూడదు. గ్రీన్ జువెల్ లాంటి రకాలకు పువ్వే ఆకుపచ్చ, దాన్ని తెగులనుకుని పీకేయకండి.

తూకం వేస్తే, మొదటిసారి పెంచేవారికి మా ఓటు షయెన్ స్పిరిట్ ప్యాకెట్‌కే, 5కి 4. అడిగిన రంగు ఇవ్వదు గనక ఒకటి తగ్గించాం. ఒంటిరేక కుండీ రకాలకు, మూడు పిలకలు చూసి కొని, తొలి ఏడాది పూత వదులుకునే ఓపిక ఉంటే 4. ఆ ఓపిక లేకపోతే 2. ముద్దపూలకు 3, అదీ కుండీలోనే.

ఇంకో ఫిర్యాదు తరచుగా వినిపిస్తుంది: ‘నారింజది కొన్నాను, మూడేళ్ళకు గులాబీ అయింది.’ టిష్యూ కల్చర్ మొక్క సాధారణంగా అలా రంగు మార్చుకోదు. అసలు మొక్క ఎప్పుడో చచ్చిపోయి, దాని గింజ రాలి పక్కనే మొలిచిన పిల్ల ఆ చోటు ఆక్రమిస్తుంది. హైబ్రిడ్ గింజ నుంచి వచ్చేవి తల్లిని పోలవు, ఎక్కువగా గులాబీ వైపే వెళ్తాయి. కొన్న రంగు కాపాడుకోవాలంటే బుడిపె గోధుమరంగుకు తిరిగి గింజ రాలకముందే కాడతో సహా కోసెయ్యండి, మొదలు చుట్టూ జానెడు మేర గింజ నుంచి వచ్చిన మొలక ఏది కనబడినా (పిలకలు కాదు) లేతగా ఉండగానే పీకెయ్యండి.