డార్మ్ గదిలో బీఫ్ కూర: మూడు క్వార్టుల ఇన్‌స్టంట్ పాట్ డ్యుయో ఎంతవరకు పనికొస్తుంది

అమెరికాలో చదువుకుంటూ స్టవ్ లేని గదిలోనో, నలుగురు పంచుకునే అపార్ట్‌మెంట్‌లోనో ఉంటూ, వారానికి ఒకటి రెండుసార్లు బీఫ్ వండుకునే వాళ్లకి ఇన్‌స్టంట్ పాట్ డ్యుయో మినీ అనే కరెంటు ప్రెషర్ కుక్కర్ కొనదగ్గ వస్తువే. మూడు క్వార్టులు, అంటే దాదాపు 2.8 లీటర్లు, 700 వాట్లు. ఇద్దరికి రెండు పూటలకు సరిపడా కూర హాయిగా అవుతుంది. కాకపోతే ఇది ఉడకబెట్టడంలో దిట్ట, వేయించడంలో అంతంతమాత్రం. ఆ సంగతి తెలిసి వండితే కూర చక్కగా కుదురుతుంది. తెలియకపోతే నీళ్ల కూరో, అడుగంటిన మసాలానో మిగులుతుంది.

కొనేముందు చూసుకోవాల్సింది మీ డార్మ్, అంటే యూనివర్సిటీ హాస్టల్, నిబంధనలు. చాలా యూనివర్సిటీలు గదిలో వంట సామాను పెట్టనివ్వవు, కామన్ కిచెన్‌లోనే వాడమంటాయి. పెట్టె మీద ఆటోమేటిక్‌గా ఆగిపోతుందని రాసి ఉన్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. అనుమతి ఉన్నా ప్లగ్గు సంగతి చూసుకోవాలి. అక్కడ గదుల్లో మామూలుగా ఉండే 15 ఆంపియర్ల సర్క్యూట్ 120 వోల్టుల మీద 1800 వాట్లే మోస్తుంది. ఈ పాట్ నడుస్తుండగా అదే సర్క్యూట్ మీద 1500 వాట్ల హెయిర్ డ్రయ్యర్ పెడితే బ్రేకర్ పడిపోతుంది. ఎక్స్‌టెన్షన్ వైరు వాడొద్దు, నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టండి.

ఇంటి నుంచి అమ్మ చెప్పే లెక్క విజిళ్లలో ఉంటుంది. దీనికి విజిల్ రాదు. అంతకంటే ముఖ్యమైన తేడా ఇంకొకటుంది. మన స్టవ్ మీది కుక్కర్ సుమారు 15 పీఎస్ఐ ఒత్తిడి మీద పనిచేస్తుంది, లోపల వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. ఇది హై మీద పెట్టినా 10.2 నుంచి 11.6 పీఎస్ఐ మధ్యే ఉంటుంది, వేడి 115–118 దగ్గర ఆగుతుంది. అందుకని స్టవ్ కుక్కర్‌లో ఇరవై నిమిషాల్లో ఉడికే ముక్కకి ఇందులో ముప్ఫై దాకా వేసుకోవాలి. పాట్ తెర మీద కనిపించే నిమిషాలు ప్రెషర్ ఎక్కాకే మొదలవుతాయన్నదీ గుర్తుంచుకోవాలి. ఎక్కడానికి పది పదిహేను నిమిషాలు, దిగడానికి ఇంకో పదిహేను. ముప్ఫై అయిదు నిమిషాల కూర అంటే ప్లేటులోకి వచ్చేసరికి గంట దాటుతుంది. ఆ గంటలో దాని దగ్గర నిలబడక్కర్లేదు, అదే దీని అసలు లాభం.

మనవైపు బీఫ్ అని అమ్మేది ఎక్కువగా గేదె, దున్న మాంసం. తెలంగాణలో పెద్దకూర అనేది కూడా చాలాచోట్ల అదే. ముదురు పశువుదైతే ఎంతసేపు ఉడికించినా తక్కువే. అమెరికా షాపుల్లో దొరికే ఆవు మాంసం మామూలుగా రెండున్నరేళ్ల లోపు పశువుది. కాబట్టి ఊళ్లో వండే లెక్కనే తీసుకుంటే ముక్క పీచు పీచుగా విడిపోతుంది. పచ్చి బొప్పాయి లాంటివి అవసరమే లేదు.

ఈ పాట్‌కి తగిన కోత చక్ రోస్ట్. భుజం దగ్గరి మాంసం, మధ్యలో కొవ్వు, నరాల్లాంటి కొలాజెన్ ఉంటుంది. తడి వేడిలో కొలాజెన్ కరిగి జిగురుగా మారుతుంది, కూరకి చిక్కదనం అక్కడి నుంచే వస్తుంది. రెండు మూడు పౌండ్ల దిమ్మ కొని మీరే కోసుకోండి. స్ట్యూ మీట్ అని ముందే ముక్కలు చేసి అమ్మే ప్యాకెట్‌లో చాలాసార్లు చక్, రౌండ్ (వెనక తొడ దగ్గరి, కొవ్వు తక్కువ మాంసం) కలిసి ఉంటాయి. చక్ ముక్క మెత్తబడే సమయానికి రౌండ్ ముక్క ఎండిపోయి దూదిలా నోట్లో తిరుగుతుంది. తప్పు వంటది కాదు, ప్యాకెట్‌ది. హలాల్ షాపులో నిహారీ (నెమ్మదిగా ఉడికించే మాంసం పులుసు) కోసమని అడిగితే ఇచ్చే షాంక్, అంటే కాలి పిక్క మాంసం, ఎముకతో తీసుకుంటే ఇంకా మంచిది. దానికి 45–50 నిమిషాలు పడుతుంది. రిబై, సర్లాయిన్ లాంటి ఖరీదైన కోతల్ని ఇందులో వేయొద్దు. వాటికి పెట్టిన డబ్బంతా దండగ.

ఇక ఇగురు. అర కిలోకి కాస్త తక్కువ, అంటే ఒక పౌండ్ చక్ తీసుకుని మూడు సెంటీమీటర్ల ముక్కలు కోయండి. ఇంతకన్నా చిన్నవి కోస్తే చితికిపోతాయి. అర టీస్పూన్ పసుపు, టీస్పూన్ ఉప్పు, ఒకటిన్నర టీస్పూన్ల అల్లంవెల్లుల్లి పేస్టు పట్టించి పక్కన పెట్టండి. సాటే, అంటే వేయించే బటన్ నొక్కి, వేడిని మోర్ మీద పెట్టి, హాట్ అని కనపడ్డాక రెండు టేబుల్‌స్పూన్ల నూనె, సన్నగా తరిగిన పెద్ద ఉల్లిపాయ, చీల్చిన మూడు పచ్చిమిరపకాయలు, రెబ్బ కరివేపాకు వేయండి. ఉల్లిపాయ ఎర్రబడటానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. 700 వాట్లే కాబట్టి తొందర పెట్టలేం.

చాలామంది ఇక్కడే ముక్కల్ని కూడా ఎర్రగా వేయించబోతారు. వద్దనే నా సలహా. పాట్ అడుగు ఇరుకు. పౌండ్ ముక్కలు ఒకేసారి వేస్తే నీళ్లు వదిలి, వేగే బదులు ఆ నీళ్లలోనే ఉడుకుతాయి. రెండు మూడు విడతలుగా వేయిస్తే అరగంట పోతుంది, గదంతా పొగ వాసన, పైన స్మోక్ డిటెక్టర్. పాశ్చాత్యుల స్ట్యూకి ఆ ఎరుపు కావాలేమో గానీ, కారం, ధనియాలు, గరం మసాలా పడే మన కూరకి ఉల్లిపాయ బాగా వేగితే చాలు.

ఉల్లిపాయ ఎర్రబడ్డాక మాంసం వేసి, రెండు టీస్పూన్ల కారం, రెండు టీస్పూన్ల ధనియాల పొడి కలిపి రెండు నిమిషాలు తిప్పండి. ఒక కప్పు, అంటే 250 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి. మూడు క్వార్టుల సైజుకి కంపెనీ చెప్పే కనీస ద్రవం ఇదే, తగ్గించొద్దు. చెక్క గరిటెతో అడుగంతా గీకండి, అంటుకున్న మసాలా పొర పూర్తిగా వదలాలి. మూత పెట్టి, వాల్వ్ సీలింగ్ వైపు ఉందో లేదో చూసి, ప్రెషర్ కుక్ హై మీద 32 నిమిషాలు. అయిపోయాక పదిహేను నిమిషాలు కదపకుండా వదిలేసి, మిగిలిన ఆవిరి అప్పుడు తీయండి.

ఆ పదిహేను నిమిషాలు ఆగలేక వాల్వ్ తిప్పేయడమే ముక్క గట్టిపడటానికి మొదటి కారణం. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే ముక్క లోపలి తేమ మరిగి బయటికి పోతుంది, ముక్క బిగుసుకుపోతుంది. పైగా కొవ్వు పులుసు వాల్వ్ లోంచి చిమ్ముతుంది. మిగిలిన ఆవిరి తీసేటప్పుడు కూడా పాట్‌ని అల్మారా కిందో, స్మోక్ డిటెక్టర్ కిందో పెట్టొద్దు.

మూత తీయగానే పులుసు పల్చగా కనిపిస్తుంది. మూత బిగించిన పాట్‌లోంచి నీళ్లు దాదాపు ఆవిరైపోవు, దానికి మాంసం వదిలిన నీరు తోడవుతుంది. మళ్లీ సాటే మీద, మూత లేకుండా, ఎనిమిది నుంచి పది నిమిషాలు ఇగరనివ్వండి. ముప్పావు టీస్పూన్ గరం మసాలా, అర టీస్పూన్ మిరియాల పొడి, కొత్తిమీర వేయాల్సింది ఇప్పుడే. గరం మసాలా ముందే వేస్తే ప్రెషర్ కింద వాసన తగ్గి చేదు మిగులుతుంది. ఉప్పు కూడా ఇగిరాకే సరిచూడండి. పల్చగా ఉన్నప్పుడు సరిపోయిన ఉప్పు దగ్గరపడ్డాక ఎక్కువవుతుంది.

గోంగూర బీఫ్‌కీ పద్ధతి ఇదే. ఇండియన్ స్టోర్‌లో దొరికే ఫ్రోజెన్ గోంగూరని ప్రెషర్‌కి ముందు వేయకండి. చిక్కటి ఆకు ముద్ద అడుగున చేరి మాడుతుంది. విడిగా ఒక గిన్నెలో, మైక్రోవేవ్‌లోనైనా సరే మగ్గబెట్టి, ముక్క ఉడికాక కలిపి ఆరేడు నిమిషాలు ఇగర్చండి. టమాటా ప్యూరీకీ ఇదే మాట వర్తిస్తుంది.

ఆ మాడడం మొదలైతే పాట్ తెర మీద బర్న్ అని వస్తుంది. చాలామంది భయపడేది దీనికే. కారణాలు నాలుగే. అడుగున మసాలా అంటుకుని ఉండటం, చిక్కటి పేస్టు, నీళ్లు తక్కువ కావడం, మూత సరిగ్గా పట్టక ఆవిరి కారిపోతూ ఉండటం. క్యాన్సెల్ నొక్కి, ఆవిరి తీసి, మూత తెరిచి, అడుగు గీకి అర కప్పు నీళ్లు పోసి మళ్లీ మొదలుపెట్టండి. నల్లగా మాడి ఉంటే మాత్రం గీకొద్దు, పైనున్నది వేరే గిన్నెలోకి తీసి, పాట్ కడిగాకే మళ్లీ పెట్టండి.

ఖీమాకి ప్రెషర్ అంత అవసరం లేదు. 80/20 ఖీమా (వందకి ఇరవై వంతులు కొవ్వున్నది) పౌండు సాటే మీద గరిటెతో పొడి చేస్తూ ఎనిమిది నిమిషాలు వేయిస్తే చాలా కొవ్వు తేలుతుంది. అందులో సగం గరిటెతో తీసి పాత సీసాలో పోయండి. సింక్‌లో పోస్తే గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది. ఆపైన మసాలాలు, రెండు బంగాళాదుంపల ముక్కలు, కప్పు నీళ్లు, అయిదు నిమిషాల ప్రెషర్. ఖీమా పచ్చిగా ఉండకూడదు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరాలి.

ఒకే పాట్‌లో అన్నం, కూర రెండూ ఒకేసారి అవుతాయని చూపించే వీడియోలు ఆరు క్వార్టుల సైజువి. మూడులో లోపల గిన్నె పెట్టడానికి చోటు చాలదు. కూర తీసి, పాట్ కడిగి, ఒక కప్పు సోనామసూరికి ఒకటింపావు కప్పు నీళ్లు పోసి రైస్ బటన్ నొక్కండి. రోజూ ఇలా చేయడం విసుగే. అన్నం రోజూ తినేవాళ్లు చిన్న రైస్ కుక్కర్ విడిగా పెట్టుకోవాలి.

పేరుకి ఏడు పనులు చేసే పాట్ అయినా, స్లో కుక్ బీఫ్‌కి పనికిరాదు. వేడి అడుగు నుంచే వస్తుంది, అసలైన క్రాక్‌పాట్‌కి (నెమ్మదిగా గంటల తరబడి వండే కరెంటు పాత్రకి) లాగా పక్కల నుంచి రాదు. గంటలు గడిచినా ముక్క గట్టిగానే ఉంటుంది. డిలే స్టార్ట్‌లో, అంటే కొన్ని గంటల తర్వాత వంట మొదలయ్యేలా, పచ్చి మాంసం పెట్టి క్లాసుకి వెళ్లడం అసలు చేయకండి, గది వేడిలో గంటల తరబడి నిలవుంటే క్రిములు పెరుగుతాయి. పెరుగు మాత్రం బాగా తోడుకుంటుంది, మూతకుండే రబ్బరు రింగ్ వేరేది వాడితే.

ఆ రింగ్ దీని పెద్ద లోపం. సిలికాన్ మసాలా వాసన, కొవ్వు వాసన పీల్చుకుంటుంది, ఎంత తోమినా పోదు. కాబట్టి రెండు రింగులు పెట్టుకోండి, ఒకటి మాంసానికి, ఒకటి పాలకి, అన్నానికి. కొనేటప్పుడు మూడు క్వార్టుల రింగే కొనాలి, ఆరుది దీనికి పట్టదు. కంపెనీ చెప్పేదాని ప్రకారం 12 నుంచి 18 నెలలకోసారి మార్చాలి. మూత లోపల వాల్వ్ మీద చిన్న జల్లెడ లాంటి లోహపు మూత ఉంటుంది, దాన్ని లాగి ప్రతి బీఫ్ కూర తర్వాతా కడగండి. కొవ్వు పేరుకుంటే ప్రెషర్ సరిగ్గా ఎక్కదు, దిగదు.

రూమ్మేట్లలో బీఫ్ తినని వాళ్లుంటే రింగ్ మార్చి సర్దుకోమని చెప్పడం మర్యాద కాదు. లోపలి స్టీల్ గిన్నె విడిగా దొరుకుతుంది కానీ మూత, వాల్వ్ ఒకటే కదా. పాట్ మొత్తం బీఫ్‌కే అని ముందే చెప్పి, అందరి పాట్‌గా చెలామణి చేయకుండా, గరిటె, డబ్బాలు కూడా వేరుగా ఉంచండి. దీన్ని చెప్పకుండా దాచి వాడితే వచ్చే గొడవ ఏ కూరకీ విలువ చేయదు.

మిగిలిన కూరని పాట్‌తో సహా ఫ్రిజ్‌లో పెట్టొద్దు. లోతైన గిన్నెలో మధ్యభాగం చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. వెడల్పు డబ్బాల్లో పల్చగా సర్ది, వండిన రెండు గంటల లోపు లోపల పెట్టండి. మినీ ఫ్రిజ్ 40 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు ఉందో లేదో చిన్న థర్మామీటర్ పెట్టి చూసుకోవడం మంచిది. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి, తినేముందు పొగలు కక్కేలా వేడి చేయాలి. ఇగురు రెండో రోజు రుచి పెరుగుతుంది, అది నిజం.

ముగ్గురు నలుగురికి వండేవాళ్లు ఆరు క్వార్టులదే తీసుకోండి. సేల్ రోజుల్లో రెండింటి ధరకీ పెద్ద తేడా ఉండదు, 1000 వాట్లు కాబట్టి ఉల్లిపాయ త్వరగా వేగుతుంది, అడుగు కూడా వెడల్పు. దానికి కనీస ద్రవం ఒకటిన్నర కప్పు అని మాత్రం మరవొద్దు. ఏ సైజు కొన్నా చదువయ్యాక ఇండియాకి తెచ్చుకుందామని లెక్క వేయకండి, అది 120 వోల్టుల వస్తువు. మన 230 వోల్టుల ప్లగ్గుకి పెడితే పాడైపోతుంది. వచ్చేముందు తర్వాత చేరే విద్యార్థికి రింగులతో సహా ఇచ్చి రండి.