ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో శాకాహార వంట: హెల్త్ మొత్తం మాంసంలోనే పెట్టేశారు

మాంసం ముట్టకుండా ఈ ఆట చివరిదాకా ఆడొచ్చా అంటే, ఆడొచ్చు. డంజియన్లు, ట్రయల్స్ (గుంపుగా కలిసి ఆడే కష్టమైన పోరాటాలు) అన్నీ నడుస్తాయి. ఉచితంగా మాత్రం కాదు. ఎంత పోతుంది, ఎక్కడినుంచి పూడ్చుకోవాలి అన్నది లెక్కతో తేలే విషయం. చాలా ఆన్‌లైన్ ఆటల్లో పుట్టగొడుగుల సూప్ తిన్నా, వేట మాంసం తిన్నా బఫ్ (తాత్కాలికంగా వచ్చే అదనపు బలం) ఒకటే, బొమ్మ మాత్రమే వేరు. ఇందులో అలా కాదు. పదార్థం ఏ జాతిదో దాన్ని బట్టే ఏ స్టాట్ (పాత్ర బలాన్ని చూపే అంకె) పెరగాలో ముందే రాసిపెట్టారు.

వంట నైపుణ్యాన్ని ఇక్కడ ప్రొవిజనింగ్ అంటారు. మాంసం, చేపలు మాక్స్ హెల్త్ (ప్రాణబలం గరిష్ఠ పరిమితి) పెంచుతాయి. పండ్లు మాక్స్ మ్యాజికా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి), కూరగాయలు మాక్స్ స్టామినా (శారీరక శ్రమకు ఖర్చయ్యే శక్తి). తాగేవాటిలోనూ ఇదే విభజన: మద్యం హెల్త్ రికవరీ (తిరిగి నిండే వేగం), టీలు మ్యాజికా రికవరీ, టానిక్‌లు స్టామినా రికవరీ. ఈ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు చిక్కు తెలుస్తుంది. హెల్త్ అన్నదాన్ని మాంసంలోనూ మద్యంలోనూ తప్ప ఇంకెక్కడా ఉంచలేదు. రెండూ మానేసిన ఆటగాడికి మామూలు వంటల పుస్తకంలో హెల్త్ పెంచే వంటకం ఒక్కటీ మిగలదు.

పదార్థాల దగ్గర మనవాళ్ళు ముందుగా తడబడేది గుమ్మడికాయ, టమాటా విషయంలో. ఆట వీటిని పండ్ల లెక్కలో వేసింది. ఆపిల్, అరటి, జాజ్‌బే ద్రాక్ష, మెలన్‌లతో పాటు ఇవీ మ్యాజికాకే. కూరగాయలంటే బీట్‌రూట్, క్యారెట్, మొక్కజొన్న, ఆకుకూర, బంగాళాదుంప, ముల్లంగి. పైన చేర్చేవి ఆరు: చీజ్, పిండి, వెల్లుల్లి, మిల్లెట్, సాల్ట్‌రైస్, సీజనింగ్. ఉల్లిపాయ అసలు లేనే లేదు. వెల్లుల్లి కూడా వద్దనుకునేవాళ్ళు మిల్లెట్, చీజ్ వంటకాలు చూసుకోవచ్చు.

వంట పొయ్యి దగ్గర వంటకం పేరు చదివి మోసపోవద్దు, అది ఏ విభాగంలో ఉందో చూడండి. మీట్ డిషెస్, సేవరీస్ (మాంసం, పండు), రాగూస్ (మాంసం, కూర), గోర్మే (మూడూ) అన్నవి వదిలేయాలి. మిగిలేవి ఫ్రూట్ డిషెస్, వెజిటబుల్ డిషెస్, ఆంత్రమే. పండు, కూర కలిసిన ఆంత్రమే ఒక్కటే రెండు స్టాట్లు ఇచ్చే శాకాహార విభాగం. పానీయాల్లో దీనికి జోడు కోర్డియల్ టీ. టీ, టానిక్ కలిసిన ఈ ఒక్క జంటలోనే మద్యం ఉండదు.

రంగుల సంగతి. ఆకుపచ్చ వంటకం ఒక స్టాట్, నీలం రెండు, ఊదా మూడు. ఊదా అంటే గోర్మే, అంటే మాంసం తప్పదు. లాంగ్‌ఫిన్ పేస్టీ విత్ మెలన్ సాస్ అన్న పేరులో మెలన్ వినిపిస్తుంది గానీ లోపల ఉన్నది చేప. కేపన్ టొమాటో-బీట్ క్యాసరోల్‌లో టమాటా, బీట్‌రూట్ ముచ్చటగానే ఉన్నాయి, కేపన్ అంటే కోడి. శాకాహారి చేతికందే గరిష్ఠ స్థాయి నీలమే. మూడు స్టాట్ల ఊదా వంటకం హెల్త్ 4,620, మిగతా రెండూ 4,250 చొప్పున ఇస్తుంది. ఆంత్రమే మ్యాజికా, స్టామినా ఒక్కోటి దాదాపు 5 వేలు ఇస్తుంది, హెల్త్ సున్నా. మ్యాజికా, స్టామినా వరకూ మనదే పైచేయి అన్నమాట.

ఇక డీపీఎస్ లెక్క, అంటే సెకనుకు ఎంత దెబ్బ కొడతాడన్నదే ముఖ్యమైన ఆటగాడి లెక్క. 50వ లెవెల్‌లో గేర్ (కవచాలు, ఆయుధాలు) ఏదీ లేకుండా హెల్త్ 16,000. సేవరీ తిన్నవాడికి 5,395 కలిసి 21,395 అవుతుంది. మూడు స్టాట్లలో నచ్చినదాంట్లో వేసుకునే అట్రిబ్యూట్ పాయింట్లు 64. హెల్త్‌లో వేసే ఒక్కో పాయింట్‌కు 122, మ్యాజికా లేదా స్టామినాలో వేస్తే 111. 5,395ను 122తో భాగిస్తే 44 పాయింట్లు. అంటే 44 పాయింట్లు హెల్త్‌లో వేసిన శాకాహారి 21,368 దగ్గర నిలుస్తాడు, తేడా 27 మాత్రమే. కానీ ఆ 44 పాయింట్లు మ్యాజికాలో లేవు కాబట్టి 4,884 మ్యాజికా పోయింది. దెబ్బ బలం లెక్కలో 10.5 రిసోర్స్ (మ్యాజికా లేదా స్టామినా) ఒక స్పెల్ డ్యామేజ్‌తో సమానం, కాబట్టి పోయింది దాదాపు 465 స్పెల్ డ్యామేజ్. చిన్న నష్టం కాదు. ట్రయల్‌లో డీపీఎస్ కొలిచి మనుషుల్ని ఎంచుకునే ఆటగాళ్ళ సంఘం, అంటే గిల్డ్‌లో ఇది ఇట్టే కనిపిస్తుంది.

అంతా పూడ్చాలని పట్టుబట్టడమే ఇక్కడ తప్పు. ఐదు ముక్కలు ఒక రకం కవచం, తక్కిన రెండు రకాలవి ఒక్కోటి వేసుకుంటే అన్‌డాంటెడ్ మెటిల్ అనే పాసివ్ (తనంతట తానే పనిచేసే నైపుణ్యం) రకానికి 2 శాతం చొప్పున మూడు స్టాట్లకూ 6 శాతం పెంచుతుంది. అప్పుడు 24 పాయింట్లు చాలు: 16,000కు 2,928 కలిపి 6 శాతం వేస్తే 20 వేలు దాటుతుంది. పోయే డ్యామేజ్ 254 దగ్గర ఆగుతుంది. గుంపులో వార్డెన్ అనే తరగతి హీలర్ (మిగతావాళ్ళ హెల్త్ నింపేవాడు) ఉంటే మైనర్ టఫ్‌నెస్ ద్వారా ఇంకో 10 శాతం హెల్త్ వస్తుంది. అలాంటి గుంపులో పాయింట్లు ఇంకా తగ్గించొచ్చు. వార్డెన్ చచ్చి పడ్డప్పుడు మాత్రం ఆ 10 శాతమూ పోతుంది. సరిగ్గా ఎక్కువ హెల్త్ కావాల్సిన క్షణం అదే. అందుకని 18 వేల కిందికి దిగకుండా చూసుకోవాలి.

మన దేశంలో ఈ ఆటకు సర్వర్ లేదు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో యూరప్ సర్వర్‌కు కలిసి ఆడేవాళ్ళకు డాడ్జ్ (దెబ్బ తప్పించుకునే కదలిక) నొక్కడానికీ అది సర్వర్ చేరడానికీ మధ్య ఆలస్యం తప్పదు. సర్వర్ దగ్గర్లోనే కూర్చుని ఆడే జర్మన్ ఆటగాడు పాత్ర తయారీ గురించి రాసిన బిల్డ్ గైడ్‌లో 17 వేలు చాలన్నాడని మనమూ అక్కడ ఆగితే నేల మీద మెరిసే ప్రతి ఎర్ర వలయమూ చావే. పైన చెప్పిన 24 పాయింట్లు ఆ ఆలస్యాన్ని కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పినవి.

ట్యాంక్‌కు (శత్రువు దెబ్బలు తన మీదికి తీసుకునేవాడికి) మాంసం లేకపోతే కథ ముగిసినట్టే అనుకుంటారు గానీ అందరికంటే తక్కువ ఇబ్బంది పడేది ట్యాంకే. 64 పాయింట్లూ హెల్త్‌లో వేస్తే 7,808. బంగారు రంగు ట్రూలీ సుపర్బ్ హెల్త్ గ్లిఫ్ (కవచానికి అద్దే మంత్రం) పెద్ద ముక్కకు (తల, ఛాతీ, కాళ్ళు) 954, చిన్న ముక్కకు దాదాపు 385. ఏడు ముక్కలకూ కలిపి 4,400 చిల్లర. మొత్తం 28,200 దగ్గరికి వస్తుంది. ఐదు హెవీ ముక్కలకు జగ్గర్‌నాట్ పాసివ్ ముక్కకు 2 శాతం లెక్కన 10, మెటిల్ 6, కలిపి 16 శాతం వేస్తే 32,700. సెట్ బోనస్‌లు ఇందులో లెక్కేయలేదు. పైగా బ్లాక్ పట్టడానికి కావాల్సిన స్టామినా, టాంట్‌లకు, (శత్రువును తనవైపు తిప్పుకునే నైపుణ్యాలకు), షీల్డ్‌లకు కావాల్సిన మ్యాజికా ఆంత్రమే ఇస్తుంది. హెల్త్ గ్లిఫ్‌లన్నీ పెట్టి స్టామినా కొరతతో బ్లాక్ విరిగిపోయే కొత్త ట్యాంక్‌లకు మాంసం తినేవాళ్ళైనా ఈ తిండి పనికొస్తుంది.

హీలర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆంత్రమే, లేదంటే మ్యాజికా రికవరీ కోసం టీ. ఒకటి గుర్తుంచుకోవాలి: తిండి, పానీయం ఒకే స్లాట్. వంటకం తిని వెంటనే టీ తాగితే వంటకం బఫ్ ఎగిరిపోతుంది.

పానీయాలన్నీ శాకాహారమే అనుకోవడం కూడా తొందరపాటే. వాటిలో కలిపే ఆరింటిలో అల్లం, తేనె, నిమ్మ, సముద్రపు నాచు, మెథెగ్లిన్ అనే మసాలా తేనె మద్యం ఉన్నాయి, ఆరోది ఐసింగ్లాస్. నిజ జీవితంలో ఐసింగ్లాస్ అంటే చేప ఈత తిత్తి నుంచి తీసే పదార్థం. మద్యాన్ని తేటపరచడానికి వాడతారు. పట్టింపు ఉన్నవాళ్ళు రెసిపీ కొనే ముందే దాని మీద కర్సర్ పెట్టి పదార్థాలు చూసుకోవాలి, నేర్చుకోకముందే జాబితా కనిపిస్తుంది. పండగ ఈవెంట్లలో వచ్చే ప్రత్యేక వంటకాలకూ ఇదే జాగ్రత్త, పైన చెప్పిన విభాగాల నియమం వాటికి అన్నిసార్లూ వర్తించదు. డైలీ రివార్డుల్లో వచ్చే క్రౌన్ ఫోర్టిఫయింగ్ మీల్ మూడు స్టాట్లూ పెంచుతుంది, దాన్ని వండేది లేదు కాబట్టి పదార్థాల జాబితా కూడా లేదు. అది తినాలా వద్దా అన్నది ఎవరి పట్టింపు వారిది.

ఎక్స్‌పీరియన్స్ 50 శాతం పెంచే సైజిక్ ఆంబ్రోసియాలో ఫ్రాస్ట్ మిరియమ్, బెర్వెజ్ జ్యూస్‌తో పాటు పర్ఫెక్ట్ రో కావాలి. అది చేప గుడ్లు, పట్టిన చేపల్ని కోస్తే అరుదుగా దొరుకుతుంది. ఇది మానేసినా నష్టం స్వల్పం. క్రౌన్ ఎక్స్‌పీరియన్స్ స్క్రోల్ అదే 50 శాతం ఇస్తుంది. ఏటా వచ్చే యానివర్సరీ జూబ్లీ కేక్ రెండు గంటలు 100 శాతం ఇస్తుంది. లెవెల్ పెంచుకునే పని ఉంటే ఆ వారాలకు దాచుకోవడం మేలు.

శాకాహారికి కలిసొచ్చేది స్కిల్ పాయింట్ల దగ్గర. రెసిపీ క్వాలిటీ పాసివ్‌లో నీలానికి రెండు ర్యాంకులు చాలు. ఊదా, బంగారు కోసం మూడు, నాలుగు ర్యాంకులు కొనక్కర్లేదు. మిగిలినవి చెఫ్‌లో మూడు వేయండి: ఒకసారి వండితే ఒకటి బదులు నాలుగు వస్తాయి. అంటే వంద వంటకాలకు ఒక్కో పదార్థం 25 చొప్పున ఉంటే సరి. గూర్మాండ్ మూడు ర్యాంకులు వేస్తే ప్రతి వంటకం 20 నిమిషాలు ఎక్కువ నిలుస్తుంది. హైర్‌లింగ్ (కూలికి పెట్టుకునే సహాయకుడు) పంపే ఫ్రాస్ట్ మిరియమ్ ఊదా, బంగారు వంటకాలకే కాబట్టి మనకు పని లేదు. గిల్డ్ ట్రేడర్‌లో అమ్మేసి ఆ డబ్బుతో కూరలు కొనుక్కోవచ్చు. కూరలు, పండ్లు కూడా బారెల్స్, గోనె సంచులు, బీరువాలు వెతికితే పుష్కలంగా దొరుకుతాయి, కొనాల్సిన అవసరం తక్కువే.

ఇంత లెక్క పెట్టిన ఈ ఆట తన సొంత కథను మాత్రం వంటలో గౌరవించలేదు. వుడ్ ఎల్ఫ్‌లు గ్రీన్ పాక్ట్ అనే తమ కట్టుబాటు ప్రకారం తమ అడవి వాలెన్‌వుడ్ మొక్కను ముట్టకూడదు, మాంసమే తినాలి, మద్యం కూడా పంది పాలతో పులియబెట్టిన జాగ్గా. అయినా వుడ్ ఎల్ఫ్ పాత్రతో క్యారెట్ సూప్ తాగితే ఎవరూ అడగరు. కట్టుబాటంతా ఆడేవాడి మీదే ఉంది.

రోజువారీ ప్రొవిజనింగ్ రిట్ (ఆట ఇచ్చే వంట ఆర్డర్) విషయం ఒక్కటి మిగిలింది. పై స్థాయిలో మూడు వంటకాలు మారి మారి వస్తాయి. ఫస్ట్‌హోల్డ్ ఫ్రూట్ అండ్ చీజ్ ప్లేట్, హార్టీ గార్లిక్ కార్న్ చౌడర్ శాకాహారమే. మూడోది లిల్మోత్ గార్లిక్ హాగ్‌ఫిష్, అంటే చేప. కచ్చితంగా పాటించేవాళ్ళు ఆ రోజు రిట్ వదిలేసుకోవాలి. మూడింట ఒక వంతు రివార్డులు పోతాయి. తినకపోయినా వండిపెట్టొచ్చు అనుకునేవాళ్ళు మూడు వంటకాలూ ముందే గుత్తగా చేసి బ్యాగ్‌లో ఉంచుకోవచ్చు, ముందు చేసినవీ చెల్లుతాయి. ఫస్ట్‌హోల్డ్ ప్లేట్‌తో మత్సెరాస్ రిమోర్స్, హాగ్‌ఫిష్‌తో మార్కార్త్ మీడ్, చౌడర్‌తో హాగ్రేవెన్స్ టానిక్ అడుగుతారు కాబట్టి పానీయాలూ అదే లెక్కన చేసుకోండి.