ఇరవై ఏళ్లు విన్నాక: డెత్ మెటల్, బ్లాక్ మెటల్ రికార్డింగుల్లో నా చెవికి నిలిచినవి

నేను హెవీ మెటల్‌లో మరీ తీవ్రమైన శాఖలైన డెత్ మెటల్, బ్లాక్ మెటల్ వినడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. 2004లో తిరుపతిలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ఒక సీనియర్ అన్న ఎంపీ3 సీడీ ఒకటి చేతిలో పెట్టి, “విను. నచ్చకపోతే రేపు తెచ్చిచ్చెయ్” అన్నాడు. ఆ సీడీ ఇంకా నా దగ్గరే ఉంది. అందులో నూరుకు పైగా పాటలు. సగం వాటికి బ్యాండ్ పేరు కూడా లేదు, ‘ట్రాక్ 07’ అని మాత్రం ఉండేది. ఏది ఏ దేశందో, ఏ సంవత్సరందో తెలియకుండా, శబ్దాన్ని బట్టే వాటిని గుంపులు చేసుకున్నాను. గిటార్ రంపంలా కోసేవి ఒక గుంపు. డ్రమ్స్ టైప్ మిషన్‌లా టకటకమనేవి ఒక గుంపు. ఎక్కడో దూరంగా గాలివానలో వాయిస్తున్నట్టు వినిపించేవి ఇంకో గుంపు. తర్వాత ఒక్కో పాట పేరూ తెలుసుకుంటూ పోతే, నేను చేసిన గుంపులు దాదాపు స్టూడియోల వారీగా వచ్చాయి. ఒక గుంపంతా ఫ్లారిడాలో ఒకే చోట రికార్డయినది, ఇంకోటి స్టాక్‌హోమ్‌లో, ఇంకోటి నార్వేలో.

అందుకే ఈ సమీక్షలో బ్యాండ్ల కంటే రికార్డింగుల గురించే ఎక్కువ రాస్తున్నాను. కొత్తగా వినే తమ్ముళ్లు నన్ను తరచూ అడిగేదీ అదే. “పాత ఆల్బమ్‌లు ఎందుకన్నా ఇట్లా వినిపిస్తాయి? రీమాస్టర్ కొనాలా?” అని. రీమాస్టర్ అంటే పాత రికార్డింగు శబ్దాన్నే మళ్లీ సరిచేసి విడుదల చేసిన కాపీ.

వేటి మీద విన్నానో ముందే చెప్పాలి. మొదటి మూడేళ్లు హాస్టల్ కంప్యూటర్‌కు తగిలించిన రెండు చిన్న స్పీకర్లు. వాటిలో బాస్ అనేదే లేదు. తర్వాత వైరు హెడ్‌ఫోన్స్, వాటి మీద పదేళ్లు. ఇప్పుడు మేడ మీద గదిలో ఒక మంచి ఆంప్లిఫయర్, రెండు షెల్ఫ్ స్పీకర్లు, అసలు సీడీలు. ఒకే ఆల్బమ్‌ను ఈ మూడింటి మీదా విన్నాక మారిన అభిప్రాయాలు చాలా ఉన్నాయి. మారనివి కొన్నే.

మారని వాటిలో మొదటిది స్లేయర్ బ్యాండ్ వాళ్ల ‘రెయిన్ ఇన్ బ్లడ్’. 1986. పది పాటలు, అంతా కలిపి అరగంట కూడా లేదు. దాని నిర్మాత రిక్ రూబిన్ అప్పటికి హిప్‌హాప్ రికార్డులతో పేరు తెచ్చుకున్న మనిషి. అంతకుముందు ఏడాది వచ్చిన స్లేయర్ ఆల్బమ్ వినండి, గుహలో వాయించినట్టు ప్రతిధ్వని. రూబిన్ ఆ ప్రతిధ్వనినంతా తీసేశాడు. అంత వేగంగా వాయించేటప్పుడు ఒక దెబ్బ మోత ఆరకముందే ఇంకో దెబ్బ వచ్చి పడితే అంతా ముద్దయిపోతుంది. ప్రతిధ్వని లేకపోతే ఏ దెబ్బకా దెబ్బ విడిగా నిలబడుతుంది. బాస్ లేని ఆ హాస్టల్ స్పీకర్ల మీద కూడా ఈ ఆల్బమ్ చెడలేదు. 2012లో స్లేయర్ బెంగళూరు వచ్చినప్పుడు చిత్తూరులో బస్సెక్కి, పలమనేరు, కోలారు మీదుగా వెళ్లి చూశాను. డ్రమ్స్ మీద డేవ్ లొంబార్డో. మైదానంలో గాలి అటూ ఇటూ వీస్తుంటే గిటార్లు తేలిపోయాయి గానీ, ఆయన డబుల్ బాస్ (రెండు కాళ్లతో కొట్టే పెద్ద డ్రమ్స్) మాత్రం ఆల్బమ్‌లో ఉన్నట్టే రొమ్ముకు తగిలింది. రూబిన్ ఏమీ కలపలేదని, ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టాడని ఆ రాత్రి నాకు నమ్మకం కుదిరింది.

ఫ్లారిడా సంగతి. టాంపాలో మోరిసౌండ్ అని టామ్, జిమ్ మోరిస్ అన్నదమ్ముల స్టూడియో. 1980ల చివరి నుంచి కొన్నేళ్లపాటు డెత్ మెటల్ అంటే అక్కడికి వెళ్లి రికార్డు చేయడమే. మోర్బిడ్ ఏంజెల్, ఆబిచ్యువరీ, డిసైడ్, డెత్ అనే బ్యాండ్లన్నీ అక్కడి నుంచే వచ్చాయి. న్యూయార్క్ రాష్ట్రం నుంచి సఫొకేషన్, కానిబల్ కార్ప్స్ కూడా అంత దూరం వెళ్లారు. ఆ ఆల్బమ్‌లలో చాలావాటి మీద రికార్డింగ్ చేసిన స్కాట్ బర్న్స్ పేరు ఉంటుంది. ఆయన పద్ధతిలో బాస్ డ్రమ్ గట్టిగా, గోరుతో గాజును కొట్టినట్టు ‘టిక్’మంటూ వినిపిస్తుంది. గిటార్లలో మధ్య శబ్దం తగ్గి, అడుగూ పైనా మిగులుతాయి. బాస్ గిటార్ ఎక్కడో దాక్కుంటుంది. అన్నీ ఒకేలా ఉంటాయని అప్పుడే కొందరు విమర్శించారు. ఆ విమర్శలో నిజముంది. పది ఆల్బమ్‌లు వరుసపెట్టి వింటే నాకూ చెవి మొద్దుబారుతుంది. కానీ గొంతు కింది నుంచి అంత లోతుగా వచ్చే గ్రోల్ వినిపించాలంటే ఎవరో ఒకరు చోటివ్వాలి, గిటార్‌లో మధ్య శబ్దం తగ్గించడం వల్ల ఆ చోటు దొరికింది. మోర్బిడ్ ఏంజెల్ ‘ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ (1989) నేను నెలకొకసారైనా వింటాను. డ్రమ్మర్ పీట్ సాండోవాల్ బ్లాస్ట్ బీట్‌లో (ఎడతెగకుండా అతివేగంగా పడే దెబ్బల్లో) చేయి కాస్త అలసిన చోటు, మళ్లీ పుంజుకున్న చోటు తెలుస్తుంది.

స్వీడన్ దారి వేరు. స్టాక్‌హోమ్‌లో సన్‌లైట్ స్టూడియో, దాని మనిషి తోమస్ స్కోగ్స్‌బెర్గ్. ఎన్‌టూమ్డ్ ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’ (1990), డిస్‌మెంబర్ మొదటి ఆల్బమ్ (1991) అక్కడివే. ఆ రంపం కోత శబ్దానికి మూలం బాస్ (Boss) అనే కంపెనీ చేసిన హెచ్‌ఎం-2, గిటార్‌కు తగిలించి శబ్దాన్ని మార్చే చిన్న పెడల్. దాని మీద నాలుగు నాబ్‌లు ఉంటాయి. నాలుగింటినీ చివరిదాకా తిప్పేయడమే వాళ్ల పద్ధతి. నేను ఎక్కువ విన్న గుంపు ఇదే. హెడ్‌ఫోన్స్‌లో మాత్రం గంటకు మించి వినలేను, ఆ పెడల్ పై శబ్దం నేరుగా చెవిలో గుచ్చుతుంది. స్పీకర్లలో, గదిలో నాలుగు గోడల మధ్య వింటే అదే శబ్దం ఒళ్లంతా కమ్ముకుంటుంది. పాతికేళ్లుగా ఎన్నో కొత్త బ్యాండ్లు అదే పెడల్ కొని అదే శబ్దం తెస్తున్నాయి. పాటలో పస లేకపోతే పెడల్ ఏం చేస్తుంది?

అదే దేశంలో గోథెన్‌బర్గ్ వాళ్లు ఇంకో వైపు వెళ్లారు. అట్ ది గేట్స్ ‘స్లాటర్ ఆఫ్ ది సోల్’, 1995, స్టూడియో ఫ్రెడ్‌మన్. ముందు దీన్ని తెగ విన్నాను, ఇప్పుడు ఏడాదికి ఒకసారి. తప్పేమీ లేదు, ప్రతి పాటా గురి తప్పని బాణమే. దాన్ని చూసి నేర్చుకున్న అమెరికన్ బ్యాండ్లను 2000ల తర్వాత ఎక్కువగా వినేసి, అసలుది కూడా పాతబడినట్టు అనిపించింది నాకు.

ఇక నార్వే. నాకు అర్థం కావడానికి అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టినది. డార్క్‌థ్రోన్ ‘ట్రాన్సిల్వేనియన్ హంగర్’ (1994) మొదటిసారి విని ఫైలు పాడయిందనుకుని తీసేశాను. ఆ బ్యాండ్‌లోని ఫెన్రిజ్ ఒక్కడే ఇంట్లో నాలుగు ట్రాకుల రికార్డర్ పెట్టుకుని వాయిద్యాలన్నీ వాయించి, గొంతు మాత్రం నాక్టర్నో కుల్టోతో పాడించాడు. డ్రమ్స్ మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకే నడక. గిటార్ సన్నగా, గరగరగా. అంతకుముందు వాళ్లే మంచి స్టూడియోలో శుభ్రమైన డెత్ మెటల్ ఆల్బమ్ చేశారు. అంటే చేతకాక ఇలా చేయలేదు, కావాలనే చేశారు. ఈ సంగతి తెలిశాక కూడా నాకు మనసుకు ఎక్కలేదు.

ఒక వానాకాలం చిత్తూరులో మా ఇంట్లో ఉండగా స్పీకర్ మీద పెట్టాను. అమ్మకు నా పాటలంటే మొదటి నుంచీ పడదు. కానిబల్ కార్ప్స్ విన్న రోజు, “ఏంది నాయనా, ఆయన గొంతులో ఏమన్నా ఇరుక్కునిందా?” అని నిజంగానే కంగారుపడింది. ఆ రోజు మాత్రం వంటింట్లోంచి వచ్చి కాసేపు నిలబడి, “ఇది ఫర్వాలేదే. రేకుల మీద వాన పడినట్టుంది” అని వెళ్లిపోయింది. అంతే. వానలో ఏ చినుకునూ విడిగా వినం కదా. ఈ సంగీతాన్ని కూడా విడదీయకుండా, మొత్తంగా ఒక హోరుగా వినాలి. దాన్ని మోరిసౌండ్‌లో పెట్టి ప్రతి తీగనూ శుభ్రం చేస్తే మిగిలేది నాలుగు స్వరాలే. శుభ్రమైన రికార్డింగ్ వేరు, పాటకు అతికిన రికార్డింగ్ వేరని నాకు ఆ వంటింటి గుమ్మం దగ్గర తెలిసింది.

నార్వే అంతా అలా గరగరగా ఉంటుందనుకోవద్దు. బెర్గెన్ నగరంలో గ్రీగ్‌హాలెన్ అని పెద్ద సంగీత సభామందిరం ఉంది. అందులోని స్టూడియోలో పిట్టెన్ అనే ఇంజనీర్ చేసిన ఆల్బమ్‌లు వినండి. మేహెమ్ ‘డె మిస్టీరిస్ డోమ్ సాతనాస్’, ఎంపరర్ ‘ఇన్ ది నైట్‌సైడ్ ఎక్లిప్స్’, రెండూ 1994లో వచ్చాయి. డ్రమ్స్ చుట్టూ ఎంత ఖాళీ ఉందో వినిపిస్తుంది, పెద్ద గుడి మండపంలో డోలు మోగినట్టు. నా దృష్టిలో బ్లాక్ మెటల్‌లో మేహెమ్ ఆల్బమ్‌ను మించిన రికార్డింగ్ లేదు.

దాన్ని వినడం తేలిక కాదు. గిటార్ వాయించిన యూరోనిమస్‌ను 1993 ఆగస్టులో చంపింది అదే ఆల్బమ్‌లో బాస్ వాయించిన వ్యక్తి. చనిపోయినవాడూ, చంపినవాడూ ఒకే పాటలో పక్కపక్కన వాయిస్తుంటారు. అప్పట్లో ఆ నార్వే బ్లాక్ మెటల్ బృందాల్లోని కొందరు చర్చిలు తగలబెట్టి జైలుకు వెళ్లారు. నేను అలిపిరి మెట్లెక్కి కొండకు నడిచే మనిషిని. ఎవరి గుడి అయినా, చర్చి అయినా తగలబెట్టడం నాకు క్షమించలేని పని. సంగీతం గొప్పదని ఆ పనులను వెనకేసుకురాను. చంపిన వ్యక్తి సొంత ఆల్బమ్‌లు కొనడం ఎప్పుడో మానేశాను. మేహెమ్ మాత్రం వింటాను, చనిపోయినవాడి చేతి పని అందులో ఉంది గనుక.

పంక్, మెటల్ కలిసి పుట్టిన అతివేగపు శాఖ గ్రైండ్‌కోర్ గురించి క్లుప్తంగా. నేపామ్ డెత్ ‘స్కమ్’ (1987) ఒక్కటి చాలు. క్యాసెట్‌కు రెండు వైపులా వాయించిన మనుషులే వేరు, డ్రమ్మర్ మిక్ హారిస్ ఒక్కడే రెండిట్లో ఉన్నాడు. అందులో ఒక పాట నిడివి ఒక సెకను పైచిలుకు. చవగ్గా, హడావిడిగా చేసినట్టు తెలుస్తూనే ఉంటుంది. ఆ కోపానికి అదే సరిపోయింది.

2000ల తర్వాత వచ్చిన రికార్డింగులతో నాకు అసలు పేచీ. రెండు సంగతులు జరిగాయి. ఒకటి, మాస్టరింగ్‌లో (విడుదలకు ముందు చివరగా శబ్దాన్ని సరిచేసే దశలో) శబ్దాన్ని లిమిటర్ అనే పరికరంతో నొక్కి, మెల్లని చోట్లను కూడా పెద్ద చోట్ల ఎత్తుకు లేపడం. మెటాలికా 2008 ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’తో ఈ గొడవ అందరికీ తెలిసింది. అది డెత్, బ్లాక్ మెటల్ లాంటి ఎక్స్‌ట్రీమ్ మెటల్ కాదు గానీ జబ్బు ఒకటే. రెండు, డ్రమ్మర్ కొట్టిన దెబ్బను తీసేసి దాని స్థానంలో ముందే రికార్డు చేసిపెట్టిన దెబ్బను పెట్టడం, కంప్యూటర్ గీతల మీద వాటిని వరుసగా సర్దడం. వినగానే చాలా బాగుంటుంది. నేనూ మొదట పడిపోయాను. నాలుగో పాటకు తలనొప్పి వస్తుంది. ఎందుకో చాలాకాలం తెలియలేదు.

గంగమ్మ జాతరలో తెలిసింది. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వేషాలు వీధుల్లోకి వచ్చేటప్పుడు డప్పుల వెంట నడిచాను. డప్పులను మంట దగ్గర కాచి, చర్మం బిగిశాక కొడతారు. కొట్టేకొద్దీ బిగువు సడలి మోత దిగుతుంది, మళ్లీ కాచుకుంటారు. ఒక్క దెబ్బ ఇంకో దెబ్బలా ఉండదు. సందులో ఒకలా, కూడలిలో ఒకలా మోగుతుంది. మూడు గంటలు ఆ మోతలోనే ఉన్నా చెవి అలసిపోలేదు. ఇంటికొచ్చి ఒక కొత్త ఆల్బమ్ పెట్టాను. అదే దెబ్బ, అదే బరువు, నిమిషానికి వందలసార్లు. ఇరవై నిమిషాలకు ఆపేశాను.

దీనికి మినహాయింపు ఉంది, అది మెషుగా అనే బ్యాండ్. 2005లో వాళ్లు చేసిన ‘క్యాచ్ థర్టీత్రీ’లో డ్రమ్స్ అన్నీ కంప్యూటర్‌లో పెట్టినవే, దాన్ని దాచుకోలేదు కూడా. ఆ సంగీతం యంత్రం తిరుగుతున్నట్టే ఉండాలి. అక్కడ మనిషి చేయి తడబడితే పాట దెబ్బతింటుంది. ఆ ఆల్బమ్ నాకు ఎప్పుడూ విసుగు పుట్టించలేదు.

రీమాస్టర్ కొనాలా అన్న తమ్ముళ్లకు నా పద్ధతి చెబుతాను. రెండు కాపీలూ దగ్గర పెట్టుకుని, రీమాస్టర్ వాల్యూమ్ తగ్గించి, రెండిట్లోనూ గొంతు ఒకే ఎత్తులో వినిపించేలా సరిచేయండి. పెద్దగా ఉన్నదే బాగుందని మనసు మోసపోతుంది, అందుకే ఇది తప్పనిసరి. తర్వాత స్నేర్ డ్రమ్ (టక్‌మని మోగే చిన్న డ్రమ్) ఒక్కదాన్నే వినండి. నేను పోల్చిన వాటిలో ఎక్కువసార్లు పాత సీడీలోని స్నేరే ముందుకు దూకింది, రీమాస్టర్‌లో గిటార్ల మధ్య నలిగిపోయింది. పాత సీడీలు సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. ఒకసారి ఆన్‌లైన్‌లో 1990ల నాటి ముద్రణ అని చెప్పి నాకు కొత్త కాపీ అంటగట్టారు, కాబట్టి ముద్రణ నంబరు ఉండే డిస్క్ లోపలి అంచు ఫొటో అడగకుండా డబ్బు పంపొద్దు.

డెత్ బ్యాండ్ ‘హ్యూమన్’ సంగతి వేరు. 1991 నాటి అసలు మిక్స్‌లో (వాయిద్యాల శబ్దాలను కలిపిన తీరులో) స్టీవ్ డిజార్జియో బాస్ దాదాపు వినిపించదు. 2011లో అసలు టేపుల నుంచి మళ్లీ మిక్స్ చేసి విడుదల చేశారు. ఇరవై ఏళ్లుగా లోపల ఉండిపోయిన బాస్ బయటికి వచ్చింది. షాన్ రైనర్ట్ డ్రమ్స్ కింద వేళ్లు ఎలా పరిగెడుతున్నాయో మొదటిసారి విని, ఆ రాత్రి ఆల్బమ్ మొత్తం మూడుసార్లు తిప్పాను. కానీ పాత మిక్స్‌లో గిటార్లకున్న మసక వెలుగు కొత్తదాంట్లో లేదు, అది కావాలనిపించిన రోజులూ వస్తాయి. మిగతావాటిలో ఏదో ఒకటి ఎంచుకోండి, హ్యూమన్ మాత్రం రెండూ ఉంచుకోండి.