లూప్రోలైడ్ ఇంజెక్షన్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని తేలిన దగ్గర్నుంచి మూడు నెలలకోసారి లూప్రోలైడ్ ఇంజెక్షన్ వేయించుకుంటున్నాను. మోతాదు 22.5 మిల్లీగ్రాములు. మందు బాగా పనిచేస్తోంది. నడుము నొప్పితో మంచం దిగలేని స్థితి నుంచి పొద్దున్నే చెరువు గట్టు మీద నడిచే స్థితికి వచ్చాను. పీఎస్ఏ (ఈ క్యాన్సర్ తీవ్రతను చూపే రక్తపరీక్ష అంకె) పడిపోయి అడుగునే నిలిచి ఉంది. అయితే దీనితో పోయేవీ ఉన్నాయి. వాటి గురించి ముందుగా విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ కాబట్టే ఇది రాస్తున్నాను.

హార్మోన్ ఇంజెక్షన్ అనగానే ఒంట్లోకి హార్మోను ఎక్కిస్తున్నారని మా చుట్టాల్లో చాలామంది అనుకున్నారు. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. మెదడులోంచి జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోను విడతలు విడతలుగా మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి అందితేనే వృషణాల్లో టెస్టోస్టిరాన్, అంటే ఈ క్యాన్సర్‌ను పెంచే మగ హార్మోను, తయారవుతుంది. లూప్రోలైడ్ ఆ హార్మోనుకు నకలు. విడతలుగా కాకుండా ఎడతెరిపి లేకుండా అందేసరికి పిట్యూటరీ మొదట రెచ్చిపోయి, తర్వాత పలకడం మానేస్తుంది. మూడు నాలుగు వారాల్లో టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 50 నానోగ్రాముల కిందికి దిగుతుంది. వృషణాలు తీసేస్తే ఈ క్యాన్సర్ తగ్గుముఖం పడుతుందని చార్లెస్ హగ్గిన్స్ అనే సర్జన్ 1941లో చూపించారు. ఈ మందు అదే పనిని కత్తి లేకుండా చేస్తుంది.

ఆ మొదటి రెచ్చిపోవడమే అసలు ప్రమాదం. ఒకటి రెండు వారాలు టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. వెన్నెముకలో గడ్డలున్నవాళ్లకు నరాలు నొక్కుకుపోవచ్చు, మూత్రం ఆగిపోవచ్చు. అందుకే నాకు ముందు టెస్టోస్టిరాన్ ప్రభావాన్ని అడ్డుకునే బైకాలుటమైడ్ మాత్రలు మొదలుపెట్టి, ఆ తర్వాతే సూది వేశారు. మీకు అవి రాయకపోతే ఎందుకు రాయలేదో డాక్టరు గారిని తప్పకుండా అడగండి.

సూది కాస్త లావుగా ఉంటుంది. పిరుదులో ఒకటి రెండు రోజులు సలుపు ఉంటుంది, అంతే. నాకు వేసే రకంలో పొడిని ద్రవంతో కలిపితే పాలలా తెల్లగా అవుతుంది. కలిపిన వెంటనే వేయాలి, ఆలస్యమైతే మందు అడుక్కి దిగిపోతుంది. ఒక నర్సింగ్ హోంలో కలిపిన సిరంజిని ట్రేలో పెట్టేసి వేరే పేషెంటు దగ్గరికి వెళ్లబోతుంటే నేనే ఆపి వేయించుకున్నాను. ఇంత ఖరీదైన మందు విషయంలో మొహమాటపడొద్దు.

ఇక రాత్రుళ్ల సంగతి. ఉన్నట్టుండి ఛాతీలోంచి మొహం దాకా వేడి ఆవిరి ఎగదన్ని, బనీను తడిసిపోయి, కాసేపటికి చలి పుడుతుంది. మెనోపాజ్ రోజుల్లో తనకూ ఇలాగే ఉండేదని మొదట గుర్తుపట్టింది మా ఆవిడే. అప్పట్లో ఆమె ఎవరికీ చెప్పకుండా ఎంత ఓర్చుకుందో నాకు ఇప్పుడు తెలుస్తోంది. కారం, సాయంత్రం కాఫీ తగ్గించాక కొంత నయం, పూర్తిగా పోలేదు. దాంపత్య కోరిక మాత్రం పోయింది. అది బాధగానే ఉంటుంది. మొదటి ఇంజెక్షన్‌కి ముందే భార్యాభర్తలు ఈ మాట కూర్చుని మాట్లాడుకోవాలి.

బయటికి కనిపించని నష్టం ఎముకలకీ కండరాలకీ. మొదట్లోనే డెక్సా స్కాన్ (ఎముకల సాంద్రత కొలిచే పరీక్ష) తీయించుకోండి. తర్వాత ఎంత తగ్గిందో తెలియాలంటే పోల్చుకోవడానికి అది ఉండాలి. కాల్షియం, విటమిన్ డి నాకు డాక్టరు గారు రాసినవే వాడుతున్నాను. పొట్ట పెరుగుతుంది, షుగర్ కూడా ఎక్కవచ్చు, పరీక్షలు మానకూడదు. నడక ఒక్కటీ చాలదు, బరువులు ఎత్తాలి. నేను ఇసుక నింపిన సీసాలతో మొదలుపెట్టాను. నీరసానికి నాకు అన్నిటికంటే పనిచేసింది అదే.

ఇదే మందు మా మేనకోడలికి ఎండోమెట్రియోసిస్‌కి (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) నెలకోసారి 3.75 మిల్లీగ్రాముల చొప్పున రాశారు. ఎముకల భయం వల్ల ఆడవాళ్లకు సాధారణంగా ఆరు నెలలతో ఆపుతారు. ఎనిమిదేళ్లలోపు ఆడపిల్లల్లో, తొమ్మిదేళ్లలోపు మగపిల్లల్లో యుక్తవయసు లక్షణాలు ముందే మొదలైతే, కొందరికి దీన్ని వాడి వాటిని నిలిపి ఉంచుతారు. మందు ఆపాక యుక్తవయసు ఎదుగుదల మళ్లీ సాగుతుంది. కాబట్టి ఒకరి మోతాదు, ఒకరి గడువు ఇంకొకరికి వర్తించవు.

తేదీ తప్పనివ్వకండి. ఆలస్యమైతే టెస్టోస్టిరాన్ మళ్లీ లేవవచ్చు. మా అమ్మాయి దగ్గరికి డాలస్ వెళ్లాలంటే ముందు ఇంజెక్షన్ తేదీ చూస్తాం, తర్వాతే టికెట్లు తీస్తాం.